ప్రార్థనలో పెట్టిన గది

మంగళవారం పొద్దున ప్రేమజ్యోతి ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతోంది. భర్త ఎలియాజరు ప్లాంటులో నైట్ డ్యూటీ దిగి వచ్చి, బల్ల దగ్గర కునికిపాట్లు పడుతున్నాడు. కూతురు జెమీమా లాప్‌టాప్ తెరిచి, కాసేపు చూసి, తల్లి వైపు తిప్పింది.

కెనడాలోనే, విమానమెక్కి వెళ్ళేంత దూరాన ఉన్న విన్నిపెగ్‌లో ఆర్కిటెక్చర్ సీటు తెచ్చుకున్న పిల్ల. యూనివర్సిటీ హాస్టల్లో గది కూడా ఇచ్చారు. డిపాజిట్ కట్టడానికి మొన్న శుక్రవారం ఆఖరు. కార్డు ప్రేమజ్యోతిది. ఏ పనైనా ప్రార్థనలో పెట్టకుండా మొదలెట్టే ఇల్లు కాదది. శనివారం తాముండే సార్నియా ఊళ్ళో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలూ వీళ్ళింట్లో చేరతాయి కదా, అప్పుడు పెట్టి, దేవుని చిత్తం తెలుసుకుని కడదామంది. తేదీ గుర్తుచేస్తే, ఒక్కరోజుకి కొంపలేం మునగవంది. శనివారం అందరూ మోకరించారు, కన్నీళ్ళతో ప్రార్థించారు, బిర్యానీ తిని వెళ్ళారు. ఆదివారం కట్టబోతే గడువు దాటిందని వచ్చింది. బతిమాలుతూ జెమీమా రాసిన ఈమెయిల్‌కి ఇదిగో, ఇప్పుడొచ్చింది జవాబు. గది ఇంకొకరికి ఇచ్చేశారు. వెయిటింగ్ లిస్టులో ఆమెది రెండొందల పద్నాలుగో పేరు.

ఎలియాజరుకి నిద్ర ఎగిరిపోయింది. విన్నిపెగ్‌లో తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. ఇళ్ళ కింద అద్దెకిచ్చే బేస్‌మెంట్లన్నీ నిండిపోయాయి. దొరికిన ఒక్కటీ రెండు బస్సులు మారి గంటన్నర ప్రయాణం. మైనస్ ముప్ఫై చలిలో ఒంటరిగా పిల్ల స్టాపుల్లో నిలబడాలి. మధ్యాహ్నానికి ఆయన ఫోన్ పక్కన పెట్టేశాడు.

"పోనీలేమ్మా, ఈ ఊరి కాలేజీలోనే ఏదో ఒకటి చేరు. ఇంటిపట్టున ఉండొచ్చు," అన్నాడు.

ఆ మాటకి ప్రేమజ్యోతి గుండెల్లో సంతోషం పొంగింది. నాకు సంతోషమేమిటి అనుకుందో లేదో, శుక్రవారం సంగతి గుర్తొచ్చింది. శుక్రవారమంతా కార్డు తన హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. గడియారం వైపు ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలుసు. అయ్యో, కడుపున పుట్టినదానికి ఎంత పని చేసింది!

"జెమీ, నేను దేవుని జవాబు కోసం ఆగలేదే," అంది. "తేదీ దాటిపోవాలని ఆగాను. నువ్వు లేకుండా ఈ ఇంట్లో ఎలా ఉండాలో తెలీక, ఆయన పేరు చెప్పాను."

ఎలియాజరు తల పట్టుకున్నాడు. జెమీమా అరవలేదు.

"ఐ నో, మమ్మీ," అంది. "వద్దని చెప్పుంటే నీతో పోట్లాడేదాన్ని. ప్రార్థన అన్నావు. హౌ డు ఐ ఫైట్ దట్?"

ప్రేమజ్యోతి నేల మీద కూలబడింది. చాలాసేపటికి జెమీమా కూడా కుర్చీ దిగి, తల్లి ఒళ్ళో తల పెట్టి, పోయిన గది కోసం చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. బిడ్డని ఓదార్చమని దేవుణ్ణి అడగడానికి ప్రేమజ్యోతికి నోరు రాలేదు.