గడియ పెట్టని రోజు

బడి నుంచి వస్తూనే బ్యాగు కుర్చీలోకి విసిరేసి చిటపట కాళ్లు నేలకేసి కొట్టింది. ఊరికే చిటపటలాడుతుందని ఇంట్లో ఆ పిల్లకి ఆ పేరే స్థిరపడిపోయింది.

"ఏటా గేటు రోజున సెలవిచ్చేవాళ్లు! కొత్త ప్రభుత్వం వచ్చి తీసేసింది. పైగా ఇవాళే లెక్కల టెస్టు! ఇదెక్కడి అన్యాయం నాయనమ్మా?"

"వెళ్లి ఆ ప్రభుత్వాన్నే అడుగు. నా బుర్ర తినకు" అంది నాయనమ్మ. పొద్దున్నుంచి ఆవిడకీ ఒళ్లు మండుతూనే ఉంది. ఏటా పాత మిల్లు దగ్గరికి తీసుకెళ్లే కొడుకు, ఈసారి డ్యూటీ ఉందని వెళ్లిపోయాడు. వచ్చిన ప్రతి ప్రభుత్వమూ ముందు క్యాలెండర్ మీదే పడాలా?

వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. గేటు రోజున పడుకునేదాకా ఆ ఇంట్లో ఏ తలుపుకీ గడియ పెట్టకూడదు. అది నాయనమ్మ పట్టు. పిల్లులు దూరినా, దోమలు కుట్టినా సరే. ఎందుకని చిటపట ఎప్పుడూ అడగలేదు. సెలవు రోజు టీవీ చూసుకోక ఆ గొడవంతా తనకెందుకు?

"సెలవే లేనప్పుడు ఇదొకటా!" అంటూ తలుపు ధడాలున వేసి గడియ బిగించింది.

నాయనమ్మ చేతిలో గ్లాసు కిందపడింది. "తియ్యవే! తియ్యి!" అని అరుస్తూ పరుగున వచ్చింది. కంగారులో గడియ ఊడిరాలేదు. చిటపట హడలిపోయి తనే తీసింది.

"సెలవు తీసేశారు కదా అని..." గొణిగింది.

"తీసేస్తే? మా అక్క చచ్చిపోవడం కూడా అబద్ధమైపోతుందా?" నాయనమ్మ తలుపు పక్కనే కూలబడింది. "ఇదే రోజున మిల్లు అంటుకున్నప్పుడు గేటుకి బయట తాళం ఉంది. పనివాళ్లు మధ్యలో వెళ్లిపోకూడదని వేశారు. నేను ఇవతల నిలబడి తాళం లాగుతూనే ఉన్నాను. అక్క లోపల్నుంచి గేటు కొడుతూనే ఉంది. అప్పటికి నీకంటే ఐదారేళ్లు పెద్దదంతే."

చిటపట సిగ్గుతో తల దించుకుంది.

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఎప్పుడు కూర్చున్నావే? మిల్లు దగ్గరికి రమ్మంటే, సెలవు కదా, పడుకోనీ అనేదానివి."

చిటపట మెల్లగా ఆవిడ పక్కన చేరింది. "ఆవిడకి ఏమిష్టం?"

"పాటలు. గొంతు మాత్రం కాకి గొంతే!" నాయనమ్మ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

చీకటి పడుతుండగా తమ్ముడు మోకాళ్లు గోక్కుంటూ వచ్చాడు. "అబ్బా, దోమలు!" అంటూ గడియ మీద చెయ్యి వేశాడు.

చిటపట వాడి చెయ్యి పట్టుకుంది. "ఇవాళ వెయ్యకూడదు."

"ఎందుకూ?"

తను కాస్త జరిగి వాడికి చోటిచ్చింది.

"కూర్చో, చెప్తాను. మన నాయనమ్మకి ఒక అక్క ఉండేది."