సంచికీ మొహం ఉంటుంది

శుక్రవారం ఉదయం. బల్లమీద మూడు కప్పుల టీ చల్లారిపోతోంది. ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. దర్జీ భార్య కుర్చీ ఎక్కి, ఫోను పైకెత్తి పట్టుకుని, కప్పుల్ని మొగుడి చేత అటూ ఇటూ జరిపిస్తోంది.

"ఫోను తాగేసిందా అమ్మా? ఎంగిలైనా పర్లేదు, మాకూ కాస్త ఇవ్వు," అంది అత్తగారు తిప్పుతున్న తస్బీ పూసలు పక్కన పెట్టి.

"ఒక్క నిమిషం అత్తమ్మా, వెలుతురు బాగుంది."

బాగుండక ఏం చేస్తుంది? వీడియోలకని గుండ్రటి దీపం కొని నెల కాలేదు. కప్పులు కొత్తవి, బల్లగుడ్డ కొత్తది, కిటికీలకి ఈ ఏడు ఇది మూడో జత కర్టెన్లు. అదీ కుట్టినవి కొనుక్కొచ్చినవి, దర్జీ ఇంట్లో! ఇంతకంటే తలవంపులేముంటాయి? అతను నోరు తెరవబోయినప్పుడల్లా ఆవిడ "ఫోన్లో మన ఇల్లు ముప్పై వేలమంది చూస్తున్నారండీ" అంటుంది. అతను నోరు మూసుకుంటాడు.

తలుపు చప్పుడైంది. వచ్చింది అతని అక్క. భర్త పోయి ఆరేళ్ళు. లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తూ కూతుర్ని చదివించుకుంటోంది. చేతిలో నీలం చారల సంచి నిండుగా ఉంది.

ఆ సంచి సంగతి చెప్పాలి. మిగిలిన చొక్కాగుడ్డ ముక్కలతో, పెద్ద పసుపు బొత్తాం పెట్టి తమ్ముడే కుట్టాడు. నెలకో శుక్రవారం తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే అమ్మ అందులో సరుకులు నింపి కూతురి గుమ్మంలో పెట్టి వచ్చేస్తుంది. తలుపు తట్టదు. నెలంతా కూతురు అందులోనే భోజనం డబ్బా పెట్టుకుని పనికెళ్తుంది. నెలాఖరుకి ఉతికి, మడతపెట్టి, ఖాళీగా ఈ గుమ్మంలో ఉంచుతుంది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారే, ఆరేళ్ళుగా అలాగే సాగుతోంది. ఈసారి అమ్మకి మోకాలి నొప్పి. "నేను సర్దుతాలెండి" అని కోడలు ముందుకొచ్చింది.

"ఏంటి ఆపా, నిండు సంచి తెచ్చావు?" అన్నాడు దర్జీ.

"నిన్న సాయంత్రం నుంచీ ఫోన్లే ఫోన్లు. 'ఇది నీ సంచే కదా, నీకు దానం ఇస్తున్నారా' అని."

కోడలు కుర్చీ దిగింది. "వదినా, వీడియోలో నీ పేరు చెప్పలేదు! మొహం చూపించలేదు! చూసి ఇంకో నలుగురు ఇస్తారనే పెట్టాను."

"మంచిదేనమ్మా. చూసిన నలుగురూ నా పక్కన ఇస్త్రీ చేసేవాళ్ళే."

సంచి కింద పెట్టి వెళ్ళిపోయింది. అమ్మ పిలిచినా వెనక్కి తిరగలేదు.

ఇన్నాళ్ళూ మింగిందంతా దర్జీకి ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "ఆ సంచిలో సరుకులకంటే నీ దీపమే ఖరీదు! కర్టెన్లు కొన్నావు, ఊరుకున్నాను. చివరికి మా అక్క లేమిని కూడా వీడియో తీశావా?"

"మీరు చెప్పకండి! అది చూసి మురిసిపోయారు కదా నిన్న!"

"నేనా?"

"నువ్వే," అంది అమ్మ. "కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ 'మా ఆవిడది' అని చూపించావట. నీకూ ఆ సంచి గుర్తు రాలేదురా, నీ చేత్తో కుట్టినదే?"

దర్జీ వంగి సంచి మీది పసుపు బొత్తాం తడిమాడు. కోడలు ఆ వీడియో చెరిపేసింది. ఫోన్లోంచి పోయింది, చూసినవాళ్ళ కళ్ళలోంచి ఎలా పోతుంది? మొహం దాచానని ధీమాగా ఉంది గానీ సంచికీ మొహం ఉంటుందని ఆమెకి తోచలేదు. నేలమీద కూర్చుని ఏడ్చింది.

చాలాసేపటికి లేచి, కర్టెన్లు లాగి కిందపడేసింది.

"వీటితో ఎన్ని సంచులొస్తాయండీ?"

అతను ఒక కర్టెన్ అందుకుని జేనలతో కొలిచాడు. "మూడు జతలూ కలిపితే నలభై దాకా వస్తాయి."

వారం రోజులు ఆవిడ కత్తిరించింది, అతను కుట్టాడు. అన్నిటికీ అవే పెద్ద పసుపు బొత్తాలు. కొట్లో బట్టలు తీసుకున్న ప్రతివాళ్ళకీ ఒకటి చొప్పున ఉచితం. నెల తిరిగేసరికి వీధిలో, బస్సులో, లాండ్రీలో ఎవరి చేతిలో చూసినా అదే పసుపు బొత్తాం సంచి. ఏది ఎవరిదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

సరుకులిచ్చే శుక్రవారం మళ్ళీ వచ్చింది. కోడలు కర్టెన్ సంచి ఒకటి నింపి, ఆడబిడ్డ గుమ్మంలో పెట్టి, తలుపు తట్టకుండా వచ్చేసింది. ఆ పూట తలుపు చప్పుడైనప్పుడల్లా ముగ్గురూ గుమ్మం వైపు చూశారు. నిండు సంచి తిరిగి రాలేదు. అయినా నమ్మకం కుదరలేదు. ఆపా మాత్రం ఆ నెలంతా ఇటు రాలేదు.

నెలాఖరున పొద్దున్నే టీ పోస్తూ కోడలు తలుపు తీసింది. గుమ్మంలో సంచి ఉంది. ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఉంది.

"అత్తమ్మా, ఖాళీ సంచి!" అని కేకేసి, దాన్ని గుండెకి హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అత్తగారు కుంటుతూ వచ్చి కోడలి తల నిమిరింది. దర్జీ కళ్ళు తుడుచుకున్నాడు. బల్లమీద టీ మళ్ళీ చల్లారిపోయింది. ఫోను ఎక్కడుందో ఆ పూట ఎవరూ వెతకలేదు.