మగ్గం గుంత మీది మిషన్

కాశిబుగ్గలో కట్టయ్య కొట్టం అంటే పట్టపగలు కూడా అటు తలెత్తి చూసేవాళ్లు కాదట. డెబ్బై ఏడులో, ముసురు పట్టిన ఒక రాత్రి, మగ్గం మీద కూర్చున్న కట్టయ్యను సొంత చిన్నాయన కొడుకే గొడ్డలితో నరికాడు. జానెడు గోడ హద్దు కోసం. మెడ మీద ఒకటి, లేవబోతే భుజం మీద ఇంకొకటి... నెత్తురు నేస్తున్న చీరంతా తడిపి, మగ్గం గుంతలోకి కారింది. నరికినవాడు జైలుకు పోయాడు. కట్టయ్య మాత్రం ఎక్కడికీ పోలేదని, ఆ గుంతలోనే కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడని చెప్పుకునేవారు.

కొట్టం వెనక గదిలో కట్టయ్య తల్లి చిలుకమ్మ ఒక్కతే మిగిలింది. కొడుకు చచ్చిన చోట తల్లి ఎట్లా ఉండగలుగుతుంది? ఉందంటే ఆమెకు బాణామతి, చేతబడి వచ్చు — అని వాడ తేల్చేసింది. ముసలిదానికి తల దాచుకోవడానికి ఇంకో చోటు లేదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. మన తెలివి అంతవరకే పనిచేస్తుంది మరి.

పదేళ్లకు, వెనక గది ముసలిదానికే వదిలి, ఆ కొట్టాన్ని కిషన్ రావు అనే బట్టల వ్యాపారి కొన్నాడు. అగ్గువకు వస్తుందంటే దెయ్యాన్ని కూడా పక్కకు జరగమనే మనిషి. గుంత మీద చెక్కలు పరిచి, వాటి మీద హైదరాబాద్ నుంచి తెచ్చిన వీడియో గేమ్ మిషన్ నిలబెట్టాడు. బీరువా అంత పెట్టె. తెర మీద ఒక చిన్న మనిషి కత్తి పట్టుకుని, ఎదురొచ్చిన ప్రతివాడినీ నరుక్కుంటూ పోతాడు. కుర్రకారు దెయ్యం సంగతి మరిచి ఎగబడ్డారు.

వారం తిరక్కముందే మొదలైంది.

రాత్రి తొమ్మిదవుతుంది. గోడ అవతల నుంచి ధమ్... ధమ్... ధమ్... అని మోత. తెర ఒక్కసారి వణుకుతుంది. కత్తి ఎత్తిన మనిషి ఎత్తినట్టే బిగుసుకుపోతాడు. మీటలు ఎంత నొక్కినా కదలడు. స్విచ్ ఆర్పి మళ్లీ వేస్తే రెండు నిమిషాలు ఆడి — మళ్లీ ధమ్... మళ్లీ అదే.

సుబేదారిలో టీవీలు బాగుచేసే మల్లికార్జున్‌ను పిలిపించారు. పనిమంతుడే. కానీ పనిమంతులకుండే జబ్బు ఒకటి అతనికీ ఉంది. 'నాకు అర్థం కాలేదు' అనే మాట చచ్చినా నోట రాదు.

మధ్యాహ్నం వచ్చి మిషన్ వెనక తలుపు విప్పాడు. ఫ్యూజు చూశాడు, ఓల్టేజీ చూశాడు, వైర్లు లాగి చూశాడు. మిషన్ బంగారంలా ఆడింది. ఎనిమిదింటికల్లా చీకటి గోడల మధ్య అతని వెన్నులో ఏదో పాకడం మొదలైంది. తొమ్మిదిదాకా ఉండాలని తెలుసు. ఉండబుద్ధి కాలేదు. గబగబా సామాను సర్దుకున్నాడు.

"మిషన్ల ఏం తప్పు లేదు సేటు," అన్నాడు. "కావాల్నంటె రాసిస్త."

"మరెందుకు ఆగుతాంది?" కిషన్ రావు గొంతు తగ్గించి అడిగాడు.

"అది నన్నడిగితె నేనేం చెప్త?"

ఆడేవాళ్లలో పెద్దమనిషిలా తిరిగే శ్రీనివాస్ అక్కడే నిలబడి విన్నాడు. విని, మెల్లగా వెనక గోడ వైపు చూశాడు.

మర్నాడు సాయంత్రం శ్రీనివాస్ సైకిల్ మీద మల్లికార్జున్ షాపుకు వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"రాత్రి మిషన్ మళ్ల ఆగిందన్నా. ఇగ ఆగది. మిషన్ల తప్పు లేదని నువ్వే చెప్తివి గదా... పోయి ముసలిదాని పండ్లు పీకినం. పండ్లు లేకుంటె మంత్రం పలుకది."

కాగితంలో చుట్టిన కటింగ్ ప్లయర్ బల్ల మీద పెట్టాడు.

"కొట్టంల మర్చిపోయినవ్. అక్కరకొచ్చింది."

మల్లికార్జున్ కాగితం విప్పాడు. ప్లయర్ నోటిలో ఎండిన నెత్తురు. దానికి అంటుకుని... ఒక తెల్ల వెంట్రుక.

కాగితం మళ్లీ మూసేశాడు. చేసింది వాళ్లే. కానీ వాళ్ల చేతికి ధైర్యం ఇచ్చింది తన మాట, తన పనిముట్టు.

"మళ్ల ఆగితె?" అని అడిగాడు.

"గ్యాసునూనె పోసి అంటువెడుతం," అన్నాడు శ్రీనివాస్, టీ తాగుదామన్నంత తేలిగ్గా.

ఆ రాత్రి మల్లికార్జున్ కొట్టంలో మిషన్ పక్కనే నిలబడ్డాడు. మూలన కిరసనాయిలు డబ్బా సిద్ధంగా ఉంది. తొమ్మిదైంది... తొమ్మిదింపావైంది... గోడ అవతల మోత లేదు. మిషన్ ఆగలేదు. "చూసినవా?" అన్నట్టు అందరూ అతని మొహంలోకి చూశారు.

అప్పుడు తట్టింది అతనికి. మోతా లేదు, ఆగడమూ లేదు. రెండూ ఒక్కసారే పోయాయి. 

ఎవరికీ చెప్పకుండా వెనక గదికి నడిచాడు. బుడ్డి దీపం వెలుతురులో చిలుకమ్మ గోడకు ఒరిగి ఉంది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు నల్లగా గట్టిపడింది. దవడ ఒకవైపు ఉబ్బి కన్ను మూసుకుపోయింది. అతన్ని చూసి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

పక్కన రోలు. రోకలి. అర బస్తా జొన్నలు. పగలంతా మగ్గాల వాళ్లకు నూలు కండెలు చుట్టి, రాత్రి వాళ్ల నూలుకు పెట్టే గంజి కోసం జొన్నలు దంచేది ముసలిది. అదీ ఆమె మంత్రం.

మల్లికార్జున్ తలుపు గడియ పెట్టి, రోకలి అందుకున్నాడు. 

ధమ్...

ధమ్...

గోడ అవతల మిషన్ పాట టక్కున ఆగింది. ఆ వెంటనే "మళ్ల మొదలువెట్టింది రా" అన్న అరుపు, పరుగులు... తలుపు గడియ ఊడిపడింది. గుమ్మంలో మొదటివాడు లోపల రోకలెత్తి నిలబడ్డ ఆకారాన్ని చూసి "కట్టయ్యా..." అని వెర్రికేక వేశాడు. రెండోవాడు చూడలేదు, ఆలోచించలేదు. కర్ర ఎత్తి కొట్టాడు. దెబ్బ మల్లికార్జున్ చెవి మీద పడి, చర్మం చీలి, నెత్తురు మెడ మీదికి జారింది.

"నేనురా... మల్లికార్జున్ను. దంచింది నేను."

చెవి పట్టుకునే కొట్టంలోకి వచ్చి మిషన్ వెనక తలుపు విప్పాడు. లోపలి బోర్డు దాని గాడిలోంచి సగం బయటికి వచ్చి ఉంది. కింద గుంత డొల్ల. అవతల ఒక పోటు పడితే ఇవతల చెక్కలు ఎగురుతాయి, బోర్డు కదులుతుంది, ఆట బిగుసుకుంటుంది. అంతే. నిన్న ఇంకో గంట నిలబడి ఉంటే దొరికేది. బోర్డును లోపలికి నొక్కి, సైకిల్ ట్యూబు ముక్క మడిచి బిగించాడు. శ్రీనివాస్‌నే వెనక గదికి పంపి రోకలితో దంచమన్నాడు. ధమ్... ధమ్... తెర మీది మనిషి నరుక్కుంటూనే పోయాడు.

సిగ్గుపడతారనుకున్నాడు మల్లికార్జున్. ఎంత అమాయకత్వం.

"ఆమె పండ్లు ఊడినంకనే గదన్నా నీకు దొరికింది," అన్నాడు శ్రీనివాస్. "ముందుగాల ఎందుకు దొరకలె?"

మల్లికార్జున్ మిషన్ వెనక తలుపు బిగించాడు.

"అయ్యిందేదో అయ్యింది, ఆట నడువనియ్యి," అన్నాడు కిషన్ రావు.

పొద్దున్నే దవాఖానకు తీసుకుపోతానని చెబుదామని మల్లికార్జున్ మళ్లీ వెనక గదికి వెళ్లాడు. చిలుకమ్మ అతని చేయి తడుముకుని పట్టుకుంది. నోట్లోంచి గాలి, నెత్తురు, మాట కలిసి వచ్చాయి.

"బిడ్డా... మిషన్ బాగైందా?"

"బాగైందవ్వా."

"ఇగ ఆగది గదా?"

"ఆగది. నేను చెప్తాన గదా."

ఆ మాట ఇంకా నోట్లోనే ఉంది... కరెంటు పోయింది.

గోడ అవతల మిషన్ పాట సగంలో తెగింది. కిటికీలోంచి చూస్తే వీధి దీపం లేదు, ఎదురిళ్లలో వెలుగు లేదు. కాశిబుగ్గ మొత్తం చీకటి. ఎండాకాలం రోజూ పోయే కరెంటే. పసిపిల్లలకు కూడా తెలుసు.

ఎవరో ఒకరు "కరెంట్ వోయింది" అంటారని మల్లికార్జున్ చెవులు రిక్కించాడు. ఒక్కరంటే చాలు.

ఎవరూ అనలేదు.

గోడ వెంబడి చెప్పుల చప్పుడు మెల్లగా ఇటువైపు తిరిగింది... ఒకటి కాదు, చాలా. చిలుకమ్మ వేళ్లు అతని మణికట్టు మీద బిగుసుకున్నాయి. మల్లికార్జున్ బుడ్డి దీపం ఊది, చీకట్లో తలుపు మూసి, గడియ కోసం తడిమాడు. గడియ లేదు. ఇందాక వాళ్లే ఊడగొట్టారు.