ఆగని పెట్రోల్ చుక్క

"మళ్ళీ కారుతోంది!"

షెడ్డు నేల మీద బోర్లా పడుకుని మోటార్‌సైకిల్ కిందికి చూస్తున్న అమ్మ గొంతు నీరసంగా వినిపించింది. కుడివైపు కార్బొరేటర్ అడుగున పెట్రోల్ చుక్క ఒకటి ఉబ్బి, కాసేపు వేలాడి, టప్పున రేకు డబ్బాలో పడింది. దాని వెనకే ఇంకోటి.

తూనీగ ఆ డబ్బా మీంచి చూపు తిప్పేసుకుంది.

తూనీగ అసలు పేరు కాదు. ఒక్కచోట కూర్చోదని తాతయ్య పెట్టిన ముద్దుపేరు. ఇవాళ మాత్రం పాత టైరు మీద బొమ్మలా కూర్చుంది. ఆ చుక్కలు ఎందుకు కారుతున్నాయో షెడ్డులో తనొక్కదానికే తెలుసు.

ఆ బండి తాతయ్యది. అమ్మ పుట్టకముందు కొన్నది. తాతయ్య మోకాళ్ళు మొరాయించాక ఏళ్ల తరబడి పట్టా కప్పుకుని మూలన పడి ఉంది. లోపల మిగిలిన పెట్రోల్ ఎండి జిగురైపోయి, రెండు కార్బొరేటర్లూ మూసుకుపోయాయి. రేపు ఊళ్ళో పాత బండ్ల ప్రదర్శన. తాతయ్యను వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్తానని అమ్మ మాటిచ్చింది.

పొద్దున కార్బొరేటర్లు విప్పి, రెండు బుల్లి ముక్కలు తూనీగ చేతిలో పెట్టింది.

"వీటిని నీడిల్స్ అంటారు. కార్బొరేటర్ అడుగునున్న ఈ గిన్నెలో పెట్రోల్ నిండగానే ఇవి పైకి లేచి, అది వచ్చే దారి మూసేస్తాయి. మెత్తటి గుడ్డతో తుడువు, చాలు."

ఒకదాని మొన మీద మరక ఎంత తుడిచినా పోలేదు. పక్కనే గరుకు కాగితం కనిపించింది. దాంతో గట్టిగా రుద్దింది. మరక పోయింది కానీ మొన మీద గీతలు పడ్డాయి.

'ఇంత చిన్న గీతలకి ఏమవుతుందిలే' అనుకుని అమ్మకిచ్చేసింది.

ఇప్పుడేమో చుక్కలు ఆగడం లేదు.

అమ్మ గిన్నె విప్పి అంచు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ మార్చింది. ఆగలేదు. పైపు మార్చింది. అయినా ఆగలేదు. నీడిల్ జోలికి మాత్రం పోలేదు. "అది తూనీగ శుభ్రంగా తుడిచిందిగా" అంది.

ఆ మాటకు తూనీగ తల దించుకుంది. 'ఇప్పుడు చెప్పేస్తా' అనుకుంది. కానీ టైరు గీతల్లో వేలు తిప్పుతూ ఉండిపోయింది.

"నాకు చేతకాదేమో నాన్నా" అంది అమ్మ, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న తాతయ్యతో, నుదురు మోచేత్తో తుడుచుకుంటూ. "అనవసరంగా నీకు ఆశ పెట్టాను."

"ఓసి పిచ్చిదానా! ఆ బండికి నాకంటే పెంకితనం ఎక్కువ" అని నవ్వాడు తాతయ్య. కానీ ఆయన కళ్ళు బండి మీంచి కదల్లేదు.

అమ్మ పళ్ళు బిగించి స్క్రూడ్రైవర్ అందుకుంది. "ఈ గిన్నె స్క్రూలు ఇంకాస్త బిగిస్తా. అప్పుడెలా కారుతుందో చూస్తా."

"మెల్లగా తల్లీ! పాత లోహం అది. పగిలిందంటే ఇంకోటి ఎక్కడా దొరకదు."

స్క్రూ కిర్రుమంది. అమ్మ ఇంకా తిప్పుతోంది.

"అమ్మా, ఆపు!"

తూనీగ అరుపుకి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"స్క్రూ వల్ల కాదు. నేనే... నీడిల్‌ని గరుకు కాగితంతో రుద్దాను. గీతలు పడ్డాయి. చెప్పలేదు." మాటలతో పాటు కన్నీళ్ళూ వచ్చేశాయి.

అమ్మ గిన్నె విప్పి, నీడిల్ బయటికి తీసి చూసింది. మొన మీది గీతల్ని గోటితో తడిమింది. తిట్టినా బాగుండుననిపించింది తూనీగకి.

"పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?"

"తిడతావని."

"తిట్టేదాన్నే. తిట్టి, కొత్తది తెచ్చి బిగించేదాన్ని. ఇప్పుడు చూడు, విడిభాగాల షాపు కట్టేసే వేళయింది."

ఇద్దరూ స్కూటర్ మీద పరుగెత్తారు. షాపు మూసేసి ఉంది. మర్నాడు ప్రదర్శనకు ముగ్గురూ బస్సులో వెళ్ళారు. మెరిసిపోతున్న బండ్ల మధ్య తాతయ్య కర్ర పట్టుకుని తిరుగుతుంటే, తూనీగ ఆయన రెండో చెయ్యి వదల్లేదు. ఐస్‌క్రీమ్ కొనిచ్చినా సగమే తింది.

సోమవారం సాయంత్రం అమ్మ ఆఫీసు నుంచి వస్తూ రెండు కొత్త నీడిల్స్ తెచ్చింది. కుడివైపుది బిగించి పెట్రోల్ ట్యాప్ తిప్పింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి కిందికి చూశారు. ఎంతసేపు చూసినా ఒక్క చుక్క రాలలేదు.

"హమ్మయ్య!" అన్నాడు తాతయ్య.

అమ్మ ట్యాప్ కట్టేసి ఎడమవైపు గిన్నె విప్పింది. "ఆ రెండోది పట్టుకో" అని తూనీగకిచ్చి, స్క్రూడ్రైవర్ కోసం అటు తిరిగింది. తాతయ్య కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

తూనీగ వేళ్ళు పెట్రోల్ అంటి జారుగా ఉన్నాయి. నీడిల్ చటుక్కున జారి, సిమెంటు నేల మీద ఎగిరి, టైరు కిందికి దొర్లింది.

ఎవరూ చూడలేదు.

వంగి తీసింది. మొన బాగానే ఉన్నట్టుంది. బాగానే ఉందా? అమ్మ ఇటు తిరిగి చెయ్యి చాచింది.

తూనీగ వెంటనే ఇవ్వలేదు.

"అమ్మా, ఇది ఇప్పుడే నా చేతిలోంచి కింద పడింది. మొనకి దెబ్బ తగిలిందేమో, బిగించేముందు చూడు."

అమ్మ ఆమె మొహంలోకి చూసింది. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేసింది.

"రా, వెలుతురులోకి వెళ్ళి ఇద్దరం చూద్దాం."