ధనమ్మ చేతి చలవ

రేపల్లె ప్యాసింజరుకి ఇంకా చాలా వ్యవధి ఉంది. ఎంత వ్యవధి ఉన్నా లేకపోయినా, మనవరాలికి నీళ్ళు పోయకుండా గడప దాటనివ్వనంది ధనమ్మ. పెరట్లో పీట వేసుకుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, కాళ్ళు బారజాపి కూర్చుంది. ఆ కాళ్ళ మీద ఎనిమిది నెలల వకుళ బోర్లా పడుకుని గునుస్తోంది. తెనాలి మారీసుపేటలో ఆ సందులో పుట్టిన పిల్లల్లో సగం మంది ఆ కాళ్ళ మీద నీళ్ళు పోయించుకున్నవాళ్ళే. ఏ ఇంట్లో పురుడొచ్చినా ముందు కబురు ధనమ్మకే వచ్చేది.

పక్కింటి బసవమ్మ ప్రహరీ మీంచి తొంగి చూసి, ఎప్పటిలాగే బుగ్గలు నొక్కుకుంది. "ఏం ఒళ్ళు పిన్నిగారూ! బూరె బుగ్గలు, కుండలాంటి పొట్ట. ఇదంతా మీ చేతి చలవేనండి."

"దిష్టి పెట్టకే తల్లీ" అంది ధనమ్మ మురిసిపోతూ. ఆ తరవాత సీసాలోంచి దోసిట్లోకి నూనె వంచుకుని, పిల్ల వీపు మీద, తొడల మీద, బుగ్గల మీద దట్టంగా పట్టించింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న కోడలు సరోజినికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. పిల్ల సన్నంగా ఉన్నన్నాళ్ళూ తప్పు తల్లి పాలది. పిల్ల ఒళ్ళు చేశాక గొప్ప నాయనమ్మ చేతిది. లోకం లెక్కలు ఇలాగే ఉంటాయి మరి.

డెబ్భై నాలుగు ఎండాకాలంలో మొదలైంది ఈ గొడవంతా. మూడో నెల పిల్లకి బుగ్గలు ఎర్రగా పేలి, మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక గరుకుగా దద్దు కట్టి, గోక్కుని గోక్కుని రసి కారేది. కరపాణి అన్నారు పెద్దవాళ్ళు. ధనమ్మ మాత్రం ఒక్క ముక్కలో తేల్చేసింది, కోడలి పాలు వేడి అని. ఆ రోజు నుంచి సరోజినికి వంకాయ లేదు, గోంగూర లేదు, పప్పులో చింతపండు లేదు. చారూ అన్నం, బీరకాయ కూర. పిల్ల ఏడ్చినప్పుడల్లా "ఏం తిన్నావే నువ్వు?" అని విచారణ. సందులోవాళ్ళు చూడ్డానికి వచ్చి, పిల్లని చూసి, తరవాత సరోజిని రొమ్ము వంక చూసి నిట్టూర్చి వెళ్ళేవాళ్ళు. దొంగతనం చేసి పట్టుబడ్డట్టు తల వంచుకుని కూర్చునేది సరోజిని.

ఆఖరికి ఆమే మొగుడి వెంటపడి, పిల్లని డాక్టర్ జనార్దనరావు గారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చూసి, ఇది పాల తప్పు కాదు, అంటురోగమూ కాదు, కొందరి చర్మం తత్వమే అంత అన్నాడు. పిల్ల ఒంటికి సబ్బు తగ్గించమన్నాడు. ఆయింట్‌మెంటు చీటీ మీద రాసిచ్చి, తన చూపుడు వేలి కొన చూపించాడు.

"ఇంత తీసుకుంటే పిల్ల రెండు చేతుల మడతలకీ సరిపోతుందమ్మా. ఎర్రగా ఉన్న చోటే, రోజుకోసారి, పల్చగా. రాశాక పైన గుడ్డ బిగించి కట్టొద్దు. ముఖానికి నేను చెప్పందే వద్దు. వారం రాసి నాకు చూపించండి. మంచి మందే, కానీ ఇది నూనె కాదు."

వారం కూడా పట్టలేదు. మూడో నాటికే ఎరుపు దిగిపోయి, పిల్ల గోక్కోకుండా నిద్రపోయింది. అంతకుముందు దాకా ఇంగ్లీషు మందులు పసిదానికేంటని మూతి ముడిచిన ధనమ్మ కళ్ళు అప్పుడు చెదిరాయి. ట్యూబు ఆమె చేతిలోకి వెళ్ళిపోయింది. వేలి కొనంత రాస్తేనే ఇంత గుణమిస్తే, ఒళ్ళంతా పట్టిస్తే ఎంత గుణమిస్తుంది? ఆమె తర్కం ఆమెది. నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, ట్యూబంతా అందులో పిండి, సీసాకి ఎత్తింది. రోజూ నీళ్ళకి ముందు ఆ నూనెతో ఒళ్ళంతా మర్దనా, నీళ్ళయ్యాక మళ్ళీ కాస్త రాసి, గుడ్డలో బిగించి చుట్టడం.

ట్యూబు అయిపోతే కొడుకు బసవేశ్వరరావుకి పురమాయించేది. అతను రైసుమిల్లు గుమస్తా. తల్లి గీసిన గీత దాటి ఎరగడు. మొదటిసారి షాపువాడు చీటీలో రాసిన మందు లేదన్నాడట. దానికన్నా గట్టిదేదైనా ఉంటే ఇవ్వమన్నాడితను. అది మొదలు ఆ గట్టిదే వచ్చేది, చీటీ ఎవరూ అడగలేదు. డాక్టరు గారికి మళ్ళీ చూపించే ప్రస్తావన కూడా రాలేదు. తగ్గిపోయాక చూపించడానికి ఏముందంది ధనమ్మ.

సరోజిని ఒకసారి అడిగింది. వంటింటి గూట్లో నలిగిపోయి పడున్న ట్యూబుల్ని చూసి, ఇన్ని వాడొచ్చా అత్తయ్యా అంది. నలుగుర్ని కని పెంచినదాన్ని, నువ్వు నాకు నేర్పుతావా అని జవాబొచ్చింది. మొగుడితో చెబితే, "పిల్ల బాగుంది కదా, నీకేంటి బాధ?" అని అటు తిరిగి పడుకున్నాడు. నిజానికి ఇంకోసారి గట్టిగా అడిగి ఉండొచ్చు. నుదుటి మీద నూగు పెరగడం ఆమె చూసింది. ముఖం గుండ్రంగా ఉబ్బుతోంది గానీ చేతులూ కాళ్ళూ పుల్లల్లాగే ఉండిపోవడం చూసింది. పొట్ట మీద నరాలు నీలంగా తేలి కనిపించడమూ చూసింది. ఎనిమిదో నెల వచ్చినా పిల్ల పాకడానికి ఒళ్ళు వంచడం లేదు. అన్నీ చూసి ఊరుకుంది. ఎందుకంటే ఇప్పుడు సందులో ఎవరూ ఆమె పాల గురించి మాట్లాడటం లేదు. ఆ ప్రశాంతత ఆమెకి అంత తియ్యగా ఉంది.

కానీ అత్త మీద ఉడుకు మాత్రం చల్లారలేదు. అందుకే ఆ పొద్దున, పుట్టింటికి బయల్దేరుతూ, ధనమ్మ సంచిలో పెట్టిన నూనె సీసాని తీసి, ఎవరూ చూడకుండా బియ్యం డబ్బా వెనక పెట్టేసింది. నా పాలతో, మా అమ్మ చేతి నీళ్ళతో నా కూతురు ఎలా ఉంటుందో మీరే చూద్దురు గాని, అనుకుంది. పెళ్ళయ్యాక ఆమె చేసిన మొట్టమొదటి తిరుగుబాటు అదే.

రేపల్లెలో ఆమె తల్లి రంగమ్మ మనవరాల్ని చూసి మెటికలు విరిచింది. ఆ మర్నాటికల్లా పిల్ల ఒళ్ళు మళ్ళీ ఎర్రబడింది. ఆ తరవాత నిప్పులు పోసినట్టు ఒళ్ళంతా పొక్కింది, మునుపెన్నడూ అంత లేదు. దాని మీద జలుబు, జ్వరం. ఏ పిల్లకైనా వచ్చే జ్వరమే అనుకున్నారు. రంగమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. పిల్ల తాగిన పాలు తాగినట్టే కక్కేసింది. కాసేపటికి ఏడవడం కూడా మానేసింది. ఎత్తుకుంటే మెడ వాలిపోయింది, పిలిస్తే రెప్ప ఎత్తలేదు.  సరోజిని దొరికిన మొదటి బండెక్కి, తెనాలిలో దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా డాక్టరు గారి ఆసుపత్రికి పరిగెత్తింది.

కబురందుకుని ధనమ్మా కొడుకూ వచ్చేసరికి పిల్లకి సెలైను ఎక్కుతోంది. ధనమ్మ మంచం వంక ఒక్క చూపు చూసి, వరండాలో అందరి ముందూ కోడలి మీద విరుచుకుపడింది.

"బంగారంలాంటి పిల్లని నీ చేతుల్లో పెట్టి పంపానే. నాలుగు రోజులు నీ పాల మీద వదిలేసరికి తోలు చేసి తెచ్చావు. ఇప్పుడేమంటావు?"

 ఆ క్షణాన సరోజిని కూడా అదే నమ్మింది. తన పాలలోనే విషముంది, తన పంతమే పిల్లని తినేసింది అనుకుంది.

ధనమ్మ లోపలికెళ్ళి, కొంగు చాటునుంచి నూనె సీసా తీసింది. "పిల్ల కాళ్ళు చల్లబడ్డాయి బాబూ, కాస్త ఈ నూనె రుద్దనివ్వండి. ఇట్టే కళ్ళు తెరుస్తుంది" అని డాక్టరు గారిని బతిమాలింది. ఆయన సీసా అందుకుని, మూత తీసి, అడుగున తేరిన తెల్లటి మడ్డిని చూశాడు. ఇదేంటని అడిగాడు.

"తమరిచ్చిన మందే బాబూ. నూనెలో కలిపి రోజూ ఒళ్ళంతా పట్టిస్తున్నాను. దాంతోనే పిల్ల అంత ఒళ్ళు చేసింది" అంది ధనమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో ఇంకా గర్వం ఉంది.

 ఆయన పిల్ల పొట్ట మీది దుప్పటి తొలగించి, నీలం నరాలు చూపించాడు.

"అది ఒళ్ళు కాదమ్మా. వాపు చూసి బలుపనుకున్నారు. ఈ మందు చర్మం దగ్గర ఆగదు. ఒళ్ళంతా రుద్ది గుడ్డ చుడితే నేరుగా రక్తంలో కలుస్తుంది. పసిదాని చర్మం మరీ పల్చన. ఇలాంటిదే మన ఒంట్లో సొంతంగా ఊరుతుంది. బయటినుంచి రోజూ వచ్చి పడుతుంటే లోపల ఊరడం మానేస్తుంది. జ్వరమొచ్చినప్పుడు మనిషిని నిలబెట్టేది అదే." ఆయన సరోజిని వైపు తిరిగాడు. "ఎప్పుడు మానేశారు?"

రేపల్లె వెళ్ళిన రోజునుంచీ, అంది సరోజిని వినీ వినపడకుండా. అలా ఉన్నపళంగా మానేయడమే పిల్లని ఇంత దూరం తెచ్చిందనీ, ఇన్నాళ్ళు వాడాక తనకి చూపించి మెల్లగా తగ్గించుకుంటూ రావాల్సిందనీ చెప్పాడాయన. ఇప్పుడు ఆ మందే సూదిలో ఇస్తున్నాననీ, ఈ రాత్రి గడిస్తే గాని ఏమీ చెప్పలేననీ చెప్పి, వాళ్ళని వరండాలోకి పంపేశాడు.

వరండాలో ముగ్గురే మిగిలారు. అప్పటిదాకా తల వంచుకున్న సరోజిని తలెత్తింది.

"నా పాలు వేడన్నారు. తిండి మాన్పించారు. ఊళ్ళోవాళ్ళ ముందు నన్ను దోషిని చేశారు. నా పిల్లకి మీరు పెట్టిందేంటి అత్తయ్యా?"

"నేను చంపాలని పెట్టానా?" అంది ధనమ్మ. "సీసా నువ్వెందుకు దాచావు? నువ్వెళ్ళిన మర్నాడే బియ్యం డబ్బా వెనక చూశాను నేను."

"చూసి కూడా పంపలేదా?" అన్నాడు బసవేశ్వరరావు, మొదటిసారి నోరు విప్పి.

ధనమ్మ కొడుకు వంక చూడలేకపోయింది. పంపలేదు. పిల్ల కాస్త చిక్కితే, కోడలికి తన చేతి విలువ తెలిసొస్తుందనుకుంది. ఆ మాట పైకి చెప్పలేక కొంగు నోట్లో కుక్కుకుంది. చెప్పకపోయినా సరోజినికి అర్థమైంది. పిల్ల పాడవ్వాలని అత్త తెనాలిలో కాచుకుని కూర్చుంటే, పిల్ల బాగుండి అత్త నోరు మూతపడాలని తను రేపల్లెలో కాచుకుని కూర్చుంది. గట్టి మందు తెచ్చిపెట్టినవాడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తిలాపాపం తలా పిడికెడు. అందరూ పంచుకున్న ఆ పాపం మాత్రం లోపల మంచం మీద పిల్ల ఒక్కతే మోస్తోంది.

వకుళ బతికింది. తెల్లారగట్ల కళ్ళు తెరిచి, సన్నగా మూలిగింది. సరోజిని ఆ మూలుగు విని నేల మీద కూలబడి ఏడ్చింది. ఆసుపత్రిలో చాలా రోజులుండాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక కూడా మందు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు. మందు తగ్గిన కొద్దీ ఆ గుండ్రటి ముఖం కరిగిపోయి, లోపల్నుంచి చిన్న, కోసు ముఖం ఒకటి బయటపడింది. సందులోవాళ్ళు వచ్చి, అయ్యో ఎంత చిక్కిపోయింది అన్నారు.  చివరింట్లో పురుడొచ్చి నీళ్ళు పోయమని పిలిస్తే, ధనమ్మ "నా చెయ్యి మంచిది కాదమ్మా" అని తలుపేసుకుంది. అత్తాకోడళ్ళ మధ్య అవసరానికి మించి మాట లేదు.

చలికాలం వచ్చేసరికి మడతల్లో దద్దు మళ్ళీ వచ్చింది. చర్మం తత్వం అది, పూర్తిగా పోయేది కాదు. డాక్టరు గారు ఈసారి తక్కువ బలం మందు తనే తెప్పించి ఇచ్చాడు. చెప్పినట్టు రాస్తే భయం లేదు, భయపడి రాయకపోయినా పిల్లకి బాధే అన్నాడు. కానీ ఇంట్లో ఆ ట్యూబు ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అది గూట్లోనే ఉండిపోయింది. పిల్ల నెత్తురు వచ్చేలా గోక్కుని ఏడుస్తోంది. సరోజిని పిల్ల చేతులు పట్టుకుని కూర్చుంది. ధనమ్మ స్తంభానికి ఆనుకుని దూరం నుంచి చూస్తోంది.

చాలాసేపటికి సరోజిని లేచి, ట్యూబు తెచ్చింది. ధనమ్మ ముందు కూర్చుని, ఆవిడ చూపుడు వేలు పట్టుకుని, ఆ కొన మీద మందు పిండింది.

"ఇంతే అత్తయ్యా. ఎర్రగా ఉన్న చోటే."

"నేనొద్దే. నా చేత్తో వద్దు."

"మీ చేతులకే అలవాటది. మీరైతేనే కదలకుండా పడుకుంటుంది. నేను చూస్తూ ఉంటాను కదా, రాయండి."

ఆ ఆఖరి మాటలో ఎంత నమ్మకం ఉందో అంత అపనమ్మకమూ ఉంది. ధనమ్మకి రెండూ తెలిశాయి. కాళ్ళు బారజాపి పిల్లని పడుకోబెట్టుకుంది. రెండో చేత్తో పిల్ల మణికట్టు పట్టుకుని, మోచేతి మడతలో పల్చగా రాసింది. మిగిలిన చేతికి రాసింది. మందు అక్కడితో సరిగ్గా అయిపోయింది. సరోజిని చెంబుతో నీళ్ళు పోస్తే కూర్చున్నచోటే చెయ్యి కడుక్కుంది. కాసేపటికి పిల్ల గోక్కోవడం మానేసి, ఆ కాళ్ళ మీదే నిద్రపోయింది.

ధనమ్మ పిల్లని చూస్తూనే, తలెత్తకుండా అంది. "నీ పాలకి ఏ దోషమూ లేదే అమ్మాయ్. ఉత్తపుణ్యాన నిన్నన్నాను."

ఈ ఒక్క మాట కోసం సరోజిని ఎన్ని పగళ్ళు తల వంచుకు కూర్చుందో ఆ ఇంటి గోడలకి తెలుసు. మాట వచ్చింది. ఆమె అత్త భుజం మీద తల వాల్చి ఏడ్చింది, అత్తా ఏడ్చింది. ఇంతలో పిల్ల నిద్రలోనే మూతి చప్పరిస్తూ తల్లి ఒడి కోసం తడుముకుంది. సరోజిని లేచి, పోతపాలు కలపడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆసుపత్రి రోజుల్లోనే ఆమె పాలు ఎండిపోయాయి.