ఆస్గర్ తాళం

అడుగుల చప్పుడు!

పైన... చెక్క మెట్ల మీద!

విబెక పరిగెడుతోంది.

అప్పుడే తెల్లారుతోంది. సముద్రం మీంచి లేచిన పొగమంచు పార్కు మొత్తాన్ని మింగేసింది. ఎదుట ఏమీ కనిపించడం లేదు. ముందు పరిగెడుతున్నవాడి బూట్ల చప్పుడు మాత్రం చెవుల్లో మోగుతోంది.

టక్... టక్... టక్...

దొరికాడు!

చలికాలమంతా ఆమె వెతికిన మనిషి. ఆమె మొగుడి తాళం ఎత్తుకుపోయిన మనిషి. ఆస్గర్‌ని చంపిన మనిషి!

చేతిలో పెద్ద స్పానర్ ఉంది. ఇనుము చల్లగా అరచేతికి అతుక్కుపోతోంది.

దానితో ఏం చేస్తుందో ఆమెకే తెలియదు.

జేబులో ఫోన్ మోగుతోంది. డిటెక్టివ్ టోవె అయి ఉంటుంది. ఇందాక విబెకే ఆమెకు ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పింది, వాడొచ్చాడు అని. వెంటపడొద్దు, వంతెన దాటుతున్నాను, నేనొచ్చేదాకా ఆగు అని టోవె గట్టిగా చెప్పింది.

ఆగడమా?

అప్పటికే విబెక పరుగు మొదలుపెట్టేసింది.

ఆమె ఎక్కుతున్న ఈ రోలర్ కోస్టర్‌ని ఆమెతో సహా మెకానిక్‌లంతా ముసలమ్మ అని పిలుస్తారు. వాళ్ల తాతల నాటిది. అంతా చెక్కే. చలికాలంలో పార్కు మూసినప్పుడు దాని ప్రతి బోల్టూ బిగించాలి, పుచ్చిన పలక మార్చాలి, పట్టాలకి గ్రీజు రాయాలి. వయసు మీదపడ్డ మనిషికి చేసినట్టే, రోజూ చాకిరీ చేయాలి.

ఆ చాకిరీకి ఒకే ఒక్క నియమం.

పట్టాల మీదకి ఎక్కే ముందు కింద కేబిన్ బయట మెయిన్ స్విచ్ ఆపాలి. దానికి నీ తాళం వేయాలి. నీ పేరున్న తాళం. ఎంతమంది ఎక్కితే అన్ని తాళాలు. ఒక్క తాళం వేలాడుతున్నా బండిని పైకి లాగే గొలుసు తిరగదు, బండి కదలదు. దిగాక ఎవరి తాళం వాళ్లే తీసుకోవాలి. ఇంకొకళ్లది ముట్టుకోకూడదు.

కిందటి అక్టోబరులో బండి కదిలింది.

పట్టాల మీద ఆస్గర్ ఉన్నాడు.

స్విచ్‌కి తాళం లేదు! ఆస్గర్ తాళం ఎంత వెతికినా దొరకలేదు. దర్యాప్తు చేసినవాళ్లు ఒకే మాట తేల్చారు. మృతుడు తాళం వేయలేదు.

అంటే... వాడి చావుకి వాడే బాధ్యుడు!

మెకానిక్‌కి అంతకన్నా పెద్ద తిట్టు లేదు. ముసలమ్మ శిఖరం దగ్గర కటకటాల రెయిలింగు ఒకటుంది. చనిపోయిన ప్రతి మెకానిక్ తాళం అక్కడ తగిలించి ఉంటుంది. తుప్పు పట్టినవి, పేరు చెరిగిపోయినవి... ఏ ఒక్కటీ ఎవరూ తీయరు. ఆస్గర్‌ది మాత్రం అక్కడ లేదు. తాళం వేయనివాడికి అక్కడ చోటు లేదని పైకి ఎవరూ అనలేదు. అనక్కర్లేకపోయింది.

విబెక నమ్మలేదు. కాఫీలో చక్కెర వేశావా అని మూడుసార్లు అడిగే మనిషి! ఇంటి తలుపు వేశామా లేదా అని సగం దారి నుంచి సైకిల్ తిప్పుకుని వెళ్లే మనిషి! తాళం వేయకుండా పట్టాలెక్కుతాడా?

వేశాడు. ఎవడో తీశాడు!

పోలీసుల దగ్గరికి తిరిగింది. యూనియన్ దగ్గరికి తిరిగింది. పిచ్చిదైపోయిందని వెనకాల అనుకున్నారు. ఏడవడానికి కూడా ఆమెకు తీరిక దొరకలేదు. చివరికి టోవె ఒక్కతే వింది. ఇవాళ పొద్దున కేబిన్‌తో సహా అంతా మళ్లీ వెతుకుతానని మాటిచ్చింది.

ఆ సంగతి నిన్న మధ్యాహ్నం క్యాంటీన్‌లో విబెక కావాలనే అందరికీ వినిపించేలా చెప్పింది. రై రొట్టె మీద హెర్రింగ్ చేప ముక్కలు పెట్టుకుంటూ, ఏదో మాటవరసకి అన్నట్టు.

దాచినవాడు తీయడానికి వస్తాడు!

వచ్చాడు. రెయిన్‌కోటు, తల మీద టోపీ. కేబిన్ వెనక నేల పలక ఒకటి ఎత్తాడు. లోపలి నుంచి ఏదో తీశాడు.

ఎర్రటి తాళం!

టక్... టక్... టక్...

మెట్లు నిటారుగా అవుతున్నాయి. పలకల మీద మంచు పేరుకుంది. విబెక కాలు జారింది!

మోకాలు చెక్కకి కొట్టుకుంది. కళ్ల ముందు చుక్కలు కనిపించాయి. రెయిలింగు పట్టుకుని లేచింది. మళ్లీ పరుగు.

పైన చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

ధబ్!

వాడు దూకాడు. ఎందుకు దూకాడు?

అక్కడికి చేరాక తెలిసింది. ఊగే పలక. చూడ్డానికి బాగానే ఉంటుంది, కాలు వేస్తే తిరగబడుతుంది. దాన్ని మార్చాలని నిన్ననే అనుకున్నారు. మెకానిక్‌లకి తప్ప ఎవరికీ తెలియదు.

విబెక దాని ముందు ఆగింది.

ఇన్నాళ్లూ మేనేజర్ ప్రేబెన్ మీదే ఆమె అనుమానం. బండి త్వరగా నడపాలని ఆ రోజు తొందరపెట్టింది అతనే. కానీ ప్రేబెన్ నిచ్చెన ఎక్కితేనే చెమటలు పట్టే రకం.

వీడు మాలో ఒకడు!

తనూ దూకింది.

శిఖరం. ఇక పైకి దారి లేదు. రెయిలింగు అవతల పొగమంచు, దాని కింద సముద్రం. అలల చప్పుడు మాత్రం పైకి వినిపిస్తోంది.

వాడు అంచున నిలబడ్డాడు. చెయ్యి ఎత్తాడు. విసరబోతున్నాడు!

విబెక స్పానర్‌తో పట్టాని బలంగా కొట్టింది.

ఠంగ్!

వాడు ఉలిక్కిపడి తిరిగాడు. టోపీ వెనక్కి జారింది.

నెరిసిన గడ్డం. చలికి కమిలిన బుగ్గలు. తడిసిన కళ్లు.

హెనింగ్!



హెనింగ్... ముసలమ్మని అందరికన్నా ఎక్కువ కాలంగా నడుపుతున్నవాడు. తండ్రి లేని విబెకని పెళ్లిరోజు చెయ్యి పట్టుకుని చర్చిలోకి నడిపించినవాడు. ఆస్గర్ శవపేటిక మోసినవాడు. ప్రతి ఆదివారం చేపల పులుసు గిన్నె పట్టుకొచ్చి, ఆమె తినేదాకా ఎదురుగా కూర్చునేవాడు.

"నువ్వా?" అంది.

"కిందికి వెళ్లిపో పిల్లా" అన్నాడు హెనింగ్. "నన్ను చూడలేదనుకో. వెళ్లు."

"అది ఇలా ఇవ్వు."

"ఇవ్వను. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటా. ఇది మాత్రం అడగకు."

స్పానర్ పైకి లేచింది.

"మా ఇంట్లో కూర్చుని పులుసు తినిపించావు. ఆస్గర్ తాళం వేయలేదని ఊరంతా అంటుంటే పక్కనే ఉండి విన్నావు. ఇంతకాలం ఇది నీ దగ్గరే ఉందా?"

హెనింగ్ తాళాన్ని ఛాతీకి అదుముకున్నాడు.

విబెక ముందుకి దూకింది! అతని మణికట్టు పట్టుకుని విరిచింది. ముసలాయన పెనుగులాడలేదు. తాళం పలక మీద పడింది. ఆమె తీసుకుంది.

ఎర్ర రంగు. తెల్ల అక్షరాలు. ఆస్గర్.

వేళ్లతో ఆ పేరు తడిమింది. వేశాడు! తన ఆస్గర్ తాళం వేశాడు! ఇక ఎవరూ ఒక్క మాట అనలేరు.

"ఎందుకు తీశావు?"

"నేను తీయలేదు."

"అబద్ధం."

"ఇది నేను స్విచ్ నుంచి తీయలేదు విబెకా. ఆ రోజు నేను వెళ్లేసరికి స్విచ్‌కి ఒకటే తాళం ఉంది." హెనింగ్ కళ్లు దించుకున్నాడు. "నీది."

విబెకకి అర్థం కాలేదు.

"నాది నేను తీసుకున్నాను. దిగగానే తీసుకున్నాను. పోలీసులకీ అదే చెప్పాను. నా పనిముట్ల పెట్టెలోనే దొరికింది కదా."

"పెట్టెలో నీది పెట్టింది నేను."

అలల చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది.

హెనింగ్ మెల్లగా చెప్పాడు. ఆ రోజు వాన. విబెక దిగి కేబిన్‌లోకి వచ్చింది, మెడలోని తాళంచెవి తీసి మేకుకి తగిలించి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. గొలుసు తిప్పి చూడమని ప్రేబెన్ అరుస్తున్నాడు. హెనింగ్ స్విచ్ దగ్గరికి వెళితే విబెక పేరున్న తాళం కనిపించింది. మనిషి కిందే ఉంది, తీయడం మరిచిపోయిందనుకున్నాడు. ఆస్గర్ తాళం లేదు కాబట్టి ఆస్గర్ కూడా దిగిపోయాడనుకున్నాడు. మేకు మీది చెవి తీసుకుని ఆ తాళం తీసేశాడు. ఇంకొకళ్ల తాళం ముట్టుకోవడం అతని జీవితంలో అదే మొదటిసారి.

"తర్వాత... అంతా అయిపోయాక... నీ తాళం నీ పెట్టెలో పడేద్దామని మూత తీశాను" అన్నాడు. "అందులో ఇది ఉంది. ఆస్గర్‌ది."

"నా పెట్టెలోనా? ఎలా వస్తుంది నా..."

విబెక ఆగిపోయింది.

మెడలో గొలుసు. గొలుసుకి తాళంచెవి. ఆమె చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్లింది.

పెళ్లి రోజు...

బీరు గ్లాసులు, పాటలు, నవ్వులు. హెనింగ్ ఒక డబ్బా ఇచ్చాడు. లోపల రెండు ఎర్ర తాళాలు. ఒకదాని మీద ఆస్గర్, ఒకదాని మీద విబెక. చెవులు కూడా రెండే, కానీ రెండూ ఒకే కోత. ఏ చెవితోనైనా ఏ తాళమైనా వస్తుంది. నియమానికి విరుద్ధం అని ఎవరో అరిచారు. మొగుడూ పెళ్లాలకి వేరే నియమం అని హెనింగ్ నవ్వాడు. హాలంతా నవ్వింది.

ఆ రోజు నుంచి పనిలో అవే వాడారు. ముచ్చటగా ఉండేది.

విబెక ఆస్గర్ తాళంలో తన చెవి పెట్టింది.

తిరిగింది.

వాన... ఆ రోజు వాన. పైన ఆస్గర్ ఆమె చేతులు తన రెండు చేతుల మధ్య పెట్టుకుని ఊదాడు. "వేళ్లు నీలంగా అయిపోయాయి చూడు. నువ్వెళ్లి కాఫీ పెట్టు, ఈ ఒక్క బోల్టు బిగించి వచ్చేస్తా" అన్నాడు. ఆమె దిగింది. స్విచ్ దగ్గర రెండు తాళాలు పక్కపక్కనే వేలాడుతున్నాయి. వేళ్లకి స్పర్శ లేదు. చేతికి అందినదాంట్లో చెవి పెట్టింది. వచ్చింది. పెట్టెలో పడేసింది.

పేరు చూడలేదు!

ఎందుకు చూస్తుంది? చెవి తిరిగితే అది తన తాళమే. ఏ మెకానిక్‌కైనా అంతే.

కాఫీలో రెండు చెంచాల చక్కెర వేసింది. కలుపుతోంది. అప్పుడు వినిపించింది... గొలుసు కదిలిన చప్పుడు.

విబెక పలకల మీద కూలబడింది. చలికాలమంతా రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. నోరు తెరిచినా శబ్దం రాని ఏడుపు. హెనింగ్ పక్కన కూర్చుని ఆమె తల తన భుజానికి ఆనించుకున్నాడు. అతనూ ఏడుస్తున్నాడు.

"నీకు తెలియకూడదనుకున్నా" అన్నాడు. "వాడు పోయాడు. నువ్వైనా మిగలాలి కదా. అందుకే వాడి పేరు చెడిపోతుంటే చూస్తూ ఊరుకున్నా. ఆ రెండు తాళాలూ కొన్నది నేను పిల్లా. నేను."

కింద కారు ఆగిన చప్పుడు. తలుపు వేసిన చప్పుడు.

టోవె!

హెనింగ్ గబగబా కళ్లు తుడుచుకున్నాడు.

"విను. రెండు తాళాలూ నేనే తీశానని చెబుతా. ముసలోణ్ని, పొరపాటు చేశాను, భయపడి దాచాను. ఆస్గర్ పేరు నిలబడుతుంది. నిన్నెవరూ వేలెత్తి చూపరు. సరేనా?"

సరే అంటే చాలు. అంతా సరిపోతుంది.

విబెక అతని ముఖం చూసింది. ఆ ముఖంలో ఒక్క అబద్ధం కూడా లేదు. నిజంగానే జైలుకి వెళతాడు, తన కోసం.

"ఒకరి తాళం ఇంకొకరు తీసినందుకే ఆస్గర్ పోయాడు హెనింగ్" అంది. "నాది నేనే తీసుకోవాలి."

లేచింది. రెయిలింగు దగ్గరికి కుంటుతూ వెళ్లింది. తుప్పు పట్టిన తాళాల వరస. చివర ఖాళీ.

ఆస్గర్ తాళం అక్కడ పెట్టింది. పేరు బయటికి కనిపించేలా తిప్పింది.

నొక్కింది.

క్లిక్!

పొగమంచులో ఆ చిన్న చప్పుడు తుపాకీ పేలినట్టు వినిపించింది.

ఫోన్ మోగింది. విబెక ఎత్తింది. అవతల టోవె ఆయాసపడుతోంది, మెట్లెక్కుతున్నట్టుంది.

"విబెకా, ఎక్కడున్నావు? దొరికాడా?"

విబెక కళ్లు మూసుకుంది.

"దొరికింది."

"ఏంటి, తాళమా?"

"తాళం కూడా. తీసిన మనిషి కూడా."

"ఎవరు?"

"నేను."