తొలకరి స్తుతిలో లేని గొంతు

ఆ ఉదయం జీవమణి ఉప్మాకు పోపు వేస్తుండగా కొడుకు జెరెమియా ముందుగదిలో కొత్త సీడీ పెట్టాడు. షాపులకు చేరి వారమైనా, ఇంటికి తేవడానికి వెనకాడిన సీడీ అది. తొంభైల్లో తండ్రి సాలమన్ బాణీలు కట్టిన క్రైస్తవ గీతాల ఆల్బమ్‌లలోంచి జనం మరిచిపోని పాటలన్నీ ఏరి అందులో కూర్చారు.

మొదటి పాట 'తొలకరి స్తుతి' ఆల్బమ్‌లోది. ఆ క్యాసెట్ వచ్చిన ఏడాది వరంగల్ నుంచి నెల్లూరు దాకా చర్చిల్లో అదే పాట. పాడింది కూతురు సెరీనా. అప్పుడు తొమ్మిదో తరగతి. వెనక కోరస్ పాడింది జీవమణి.

పల్లవి వినబడగానే జీవమణి స్టవ్ ఆపి వచ్చింది. వాద్యాలు అవే. కోరస్‌లో గొంతు తనదే. ముందు పాడుతున్నది మాత్రం సెరీనా కాదు.

ఆమె కొడుకు వంక చూసింది. డాడీ చెప్తే తానే వేరే అమ్మాయితో పాడించి అక్క గొంతు తీసేశానని జెరెమియా తల వంచుకుని ఒప్పుకున్నాడు.

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకునేటప్పుడు పరిచయమైన ప్రమోద్‌ను సెరీనా కిందటేడు రిజిస్టర్ పెళ్ళి చేసుకుంది. అతను కాకినాడ వైపు హిందూ కుటుంబంవాడు. ఆనాటి నుంచి సాలమన్ ఇంట్లో ఆమె పేరెత్తనివ్వలేదు. గొడవలెందుకని జీవమణి కూడా ఊరుకుంది. ఈసారి ఊరుకోలేక భర్తను నిలదీసింది.

అన్యుణ్ణి చేసుకున్న పిల్ల పాడిన పాట ఏ చర్చిలో పెడతారని సాలమన్ వాదించాడు. పాటలు దేవుడివి, మన సొంతం కావన్నాడు.

"గొంతు సుత దేవుడిచ్చిందే కదా, మీరెట్ల తీసేస్తరు?" అంది జీవమణి. ఆమె గొంతు పెంచలేదు. "అట్లయితే నాది కూడా తీసెయ్యుండ్రి. నేను నా బిడ్డ ఎనక పాడిన. ఈ పిల్లెవరో నాకు తెల్వదు."

సాలమన్ పంజాగుట్టలోని తన స్టూడియోకు వెళ్ళిపోయాడు. కొత్త గొంతే బాగుందని తనకు తాను నచ్చజెప్పుకోవాలని అటకమీది పాత టేపు దించి పెట్టుకున్నాడు. పాట అయిపోయింది. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. అందులోంచి చిన్నపిల్ల సెరీనా అడిగింది, "డాడీ, మంచిగొచ్చిందా?" దూరం నుంచి తన గొంతే జవాబిచ్చింది. "మస్తుగొచ్చింది బిడ్డా. ఇంకెవ్వరు పాడినా ఇట్ల రాదు."

అతను మిషన్ ఆపేశాడు. తర్వాత జెరెమియాకు ఫోన్ చేసి సెరీనా అడ్రస్ అడిగాడు.

ఎర్రగడ్డలో ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తు. తలుపు తీసిన సెరీనా తండ్రిని చూసి పక్కకు తప్పుకుంది. కుర్చీ చూపించినా అతను కూర్చోలేదు.

"నీ గొంతు తీసేసిన, సెరీనా. ఎవరో చెప్పకముందే నేనే చెప్దామని వచ్చిన."

"విన్న డాడీ. మొన్ననే కొన్న. ఆ అమ్మాయి మంచిగనే పాడింది." అంది సెరీనా. "అన్ని పాటలు అయ్యేదాంక విన్న. ఎక్కడన్న ఒక్కదాంట్ల నేనుంటనేమో అని."

సాలమన్ గోడకు చెయ్యి ఆనించి ఏడ్చాడు. కూతురు అతణ్ణి పట్టుకుని కూర్చోబెట్టింది. షాపుల నుంచి సీడీలన్నీ వెనక్కి తెప్పిస్తానని, ఆమె గొంతుతోనే మళ్ళీ వేస్తానని అన్నాడు. చర్చిల్లో పెట్టకపోతే ఎట్లా అని ఆమె అడిగింది.

"పెట్టకపోనీ," అన్నాడు. "తప్పు నాది బిడ్డా." ఆమె తండ్రి భుజంమీద తల పెట్టి అప్పుడు ఏడ్చింది.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన ప్రమోద్ మామగారిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. సాలమన్ లేచి నిలబడ్డాడు.

"రా బాబూ, కూర్చో," అన్నాడు. అది ప్రమోద్ ఇల్లేనని గుర్తొచ్చి కాస్త తడబడ్డాడు.

"మీరు కూర్చోండి మావయ్యగారూ," అంటూ ప్రమోద్ బ్యాగు దించాడు.

లోపల సెరీనా ఫోన్‌లో తల్లితో అంటోంది. "డాడీ ఈడనే ఉన్నరమ్మా. జెరెమియాను తీసుకొని నువ్వు సుత రా. అందరం ఈడనే తిందాం."